చిన్నా, ఆ ఒక్క మాట గురించి

మెట్టుగూడ, హైదరాబాద్
శనివారం రాత్రి

చిన్నా,

ప్రభువు నామంలో నీకు శుభాలు. ఇది ఫోన్‌లో చెప్పాల్సిన మాట కాదని ఉత్తరం రాస్తున్నాను. ఫోన్‌లో అయితే నువ్వు "పర్లేదులే అమ్మా, ఎప్పటిదో" అంటావు. నేను కూడా సరేలే అనుకుని, ఏం వండుకున్నావని అడిగేస్తాను.

మొన్న నీ అలమారా సర్దుతుంటే సండే స్కూల్ సర్టిఫికెట్ల కింద నీ నీలం అట్ట నోట్‌బుక్ దొరికింది. 2018 నాటిది. 'రెక్‌లెస్ లవ్' అనే ఇంగ్లీషు ఆరాధన పాటకి నువ్వు రాసుకున్న తెలుగు అందులో ఉంది. ఒక పేజీ మొత్తం ఒకే మాట కోసం వెతికావు. 'నిర్లక్ష్య' అని రాసి కొట్టేశావు. 'హద్దులేని' అని రాసి కొట్టేశావు. అంతులేని, వెర్రి, లెక్కచేయని... అన్నీ కొట్టేసి, అడుగున 'తెగించిన ప్రేమ' అని రాసి దాని కింద రెండు గీతలు గీశావు. ఆ పేజీ పట్టుకుని మంచం మీద అలాగే కూర్చుండిపోయాను. ఆ పాట మన చర్చిలో పాడాలా వద్దా అని పెట్టిన మీటింగులో నువ్వు ఇదేమీ చెప్పలేదు. చెప్పే వీలు మేము ఇవ్వలేదు.

ఆ మీటింగు గురించి నీకు తెలియని సంగతి ఒకటుంది. మీ యూత్ పిల్లల్ని బయటికి పంపాక, పాట వద్దనేవాళ్లు చేతులెత్తండి అన్నారు. అందులో నా చెయ్యీ ఉంది. ఎత్తడమే కాదు, క్వయర్ తరఫున మాట్లాడింది కూడా నేనే. "దేవుడు నిర్లక్ష్యంగా ప్రేమిస్తాడని పిల్లల చేత ఎలా పాడిస్తాం" అన్నాను. నీ కాగితంలో ఉన్నది ఏ మాటో చూడకుండా, డిక్షనరీలో దొరికిన మాట పట్టుకుని వాదించాను. ఇంటికొచ్చి నీతో మాత్రం "పెద్దలు ఒప్పుకోలేదు నాన్నా" అన్నాను. ఆ తర్వాతి ఆదివారం నుంచి నువ్వు గిటార్ తేలేదు. పుణె వెళ్లేటప్పుడు కూడా దాన్ని ఇక్కడే వదిలి వెళ్లావు. ఇన్నేళ్లూ దాని కవర్ మీద దుమ్ము దులుపుతున్నది నేనే. నన్ను క్షమించు.

అప్పట్లో ఈ తగువు మన సంఘంలోనే వచ్చిందనుకున్నాను. నోట్‌బుక్ దొరికాక కూర్చుని చదివాను. కోరీ ఆస్‌బరీ అనే అమెరికా గాయకుడు ఆ పాటని 2017 అక్టోబరులో విడుదల చేశాడు. అదే పేరుతో ఆల్బమ్ 2018 జనవరిలో బెతెల్ మ్యూజిక్ వాళ్ల నుంచి వచ్చింది. పాట బిల్‌బోర్డ్ క్రైస్తవ పాటల పట్టికలో మొదటి స్థానానికి వెళ్లింది. ఆ ఏడాది అమెరికాలో క్రైస్తవ సంగీతానికిచ్చే డవ్ అవార్డుల్లో ఆరాధన గీతం బహుమతి కూడా దానికే. అంత పేరొచ్చిన పాటని అమెరికాలోనే కొన్ని సంఘాలు పాడం అన్నాయి. మేము పట్టుకున్న ఆ ఒక్క మాట గురించే. పర్యవసానం ఆలోచించకుండా దూకేవాణ్ణి కదా రెక్‌లెస్ అంటాం, సర్వజ్ఞుడైన దేవుడికి ఆ మాట ఎలా తగులుతుంది అని వాళ్ల ప్రశ్న. దానికి ఆస్‌బరీ, దేవుడు రెక్‌లెస్ అని తాను అనలేదని, ఆయన ప్రేమించే తీరు అలాంటిదని, తన క్షేమం, తన సుఖం చూసుకోని ప్రేమ అని చెప్పాడు. రెండు వైపులా నిజమైన భయభక్తులే కనిపించాయి నాకు. ఆ ప్రశ్న అడిగినవాళ్లని తీసిపారేయొద్దు చిన్నా. దేవుడి గురించి ఒక మాట వాడేముందు ఆగి ఆలోచించేవాళ్లు సంఘానికి కావాలి. మా తప్పు ప్రశ్న అడగడం కాదు. నీ జవాబు వినకపోవడం.

ఆ పాటకి మూలమైన ఉపమానం మళ్లీ తీశాను. లూకా 15వ అధ్యాయం, తప్పిపోయిన ఒక్క గొర్రె కోసం కాపరి మిగతా తొంబది తొమ్మిదింటిని వదిలి వెళ్లే కథ. చిన్నప్పటి నుంచి కంఠతా వచ్చిన వాక్యంలో ఒక మాట ఇప్పుడు నన్ను ఆపేసింది. తొంబది తొమ్మిదింటిని 'అడవిలో విడిచిపెట్టి' అని ఉంది మన బైబిల్లో. దొడ్లో కాదు, అడవిలో. మత్తయిలో అయితే కొండల మీద. సండే స్కూల్లో ఇరవై ఏళ్లు ఈ కథ చెప్పాను, ఫ్లాష్ కార్డుల మీద ఆ తొంబది తొమ్మిదీ కంచె లోపల ముద్దుగా పడుకుని ఉండేవి. వాక్యంలో కంచె లేదు.

అప్పుడు నుమాయిష్ గుర్తొచ్చింది. నీకు ఐదేళ్లు, 2002 జనవరి. చెల్లికి ఇంకా ఏడాది నిండలేదు. మీ నాన్న డ్యూటీలో ఉన్నారు, నేనొక్కదాన్నే మీ ఇద్దర్నీ తీసుకుని నాంపల్లి ఎగ్జిబిషన్‌కి వెళ్లాను. ఆదివారం సాయంత్రం, కాలు పెట్టే చోటు లేదు. గాజుల దుకాణం దగ్గర డబ్బులిచ్చి తిరిగి చూసేసరికి నువ్వు లేవు. చేతిలో ఉన్న చెల్లిని ఆ దుకాణం ఆమె ఒళ్లో పెట్టేసి పరుగెత్తాను. ఆమె పేరు తెలీదు, ఆమె ఉర్దూలో ఏదో అంటోంది, అదీ వినలేదు. పర్సు కూడా గాజుల మధ్యే ఉండిపోయింది. మైకులో ఎవరెవరి పిల్లల పేర్లో చదువుతున్నారు, నీ పేరు మాత్రం రావడం లేదు. చివరికి టాయ్ ట్రైన్ దగ్గర దొరికావు. కమ్మీ పట్టుకుని, ఏడవకుండా, వచ్చేపోయే బండిని చూస్తూ నిలబడ్డావు. నిన్ను ఎత్తుకున్నాక గానీ నాకొక కూతురుందని గుర్తు రాలేదు. మళ్లీ పరుగు. ఆమె చెల్లికి ఎర్ర గాజులు తొడిగి ఆడిస్తోంది. పర్సు కూడా భద్రంగా ఉంచింది. ఆమె కోసం ఇప్పటికీ ప్రార్థన చేస్తాను.

ఇదంతా నీకు తెలిసిన కథే. కానీ 'దేవుడు అలా ప్రేమించడు' అని ఆ మీటింగులో లేచి చెప్పిన మనిషి, చంటిపిల్లని ముక్కూమొహం తెలియని మనిషికి ఇచ్చి పరుగెత్తిన మనిషి, ఒక్కరే. ఆ రెండూ నా మనసులో అప్పుడు కలవలేదు.

అయినా ఒక తేడా ఉంది, దాని గురించే నీకు రాయాలనిపించింది. నాది కంగారు. వెనకాముందు చూసుకోలేదు, చూసుకునే స్థితిలో లేను. కాపరిది కంగారు కాదు. అడవిలో ఏముంటుందో కాపరికి తెలుసు. సిలువ ఎక్కడుందో తెలిసే యేసయ్య యెరూషలేము వైపు నడిచాడు. తెలుగులో తెగించడం అంటే అదే కదా. ఏం పోతుందో తెలిసి, పోతే పోనీ అనుకుని అడుగు వెయ్యడం. ఇంగ్లీషు మాటలో ఆ తెలియడం లేదు, అందుకే అక్కడ అంత గొడవ అయింది. నీ మాటలో ఉంది. మూలం కంటే నీ తెలుగే వాక్యానికి దగ్గరగా ఉందని నేను నమ్ముతున్నాను. ఇది కన్నతల్లి మాటగా తీసుకోకు, నలభై ఏళ్లు క్వయర్‌లో ఆల్టో, అంటే ఆడవాళ్ల కింది గొంతు, పాడిన మనిషి మాటగా తీసుకో.

మీటింగులో ఇంకో మాట కూడా అన్నాను. ఈ కొత్త పాటల్లో అంతా 'నేను, నాకు, నన్ను' అనే గానీ 'మనం' లేదని. అదీ నిలవలేదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తీసి పురుషోత్తమ చౌధరి గారి 'త్రాహిమాం క్రీస్తు నాథ' పాడుకుంటుంటే నవ్వొచ్చింది. త్రాహిమాం అంటేనే 'నన్ను రక్షించు' అని. ఒంటరి మనిషి మొర అది. పైగా ఆయన ఆ పిలుపుని స్తోత్రాల సంస్కృతంలోంచి తెచ్చి క్రీస్తు పేరుకి ముడేశారు. ఆయన 1803లో పుట్టి 1890లో ప్రభువు దగ్గరికి వెళ్లారు. ఈ రోజు మా క్వయర్‌లో ఆ కీర్తన ఎత్తుకుంటే కళ్లు తుడుచుకోని ముసలివాళ్లు ఉండరు. ఆ మాట పెట్టేముందు ఆయనా నీలాగే ఎన్ని మాటలు రాసి కొట్టేశారో అనిపించింది.

అయితే అన్నీ ఒప్పుకున్నానని అనుకోకు. ఆల్బమ్ మొత్తం రెండుసార్లు విన్నాను. ఈ పాట రాగం మన పెద్దవాళ్లకి అందదు. మొదట గొంతులోనే గొణిగినట్టు మొదలై, కొండలెక్కడం, గోడలు కూల్చడం వచ్చే చోటికి ఎంతో పైకి వెళ్లిపోతుంది. అది ఒక్క మగ గొంతు కోసం కట్టిన వరస. రికార్డింగులో ఉన్న శ్రుతిలో మనం ఎత్తుకుంటే, రెండో వరసలో కూర్చునే అమ్మమ్మలు సగంలో ఆగి, స్టేజీ మీద పిల్లలు పాడుతుంటే చూస్తూ కూర్చుంటారు. ఆరాధనలో చూస్తూ కూర్చునేవాళ్లు ఉండకూడదు. కీర్తనల పుస్తకంలో చాలా పాటల మీద రాగం, తాళం రాసి ఉంటాయి, కానీ శ్రుతి ఆ రోజు వచ్చిన గొంతుల్ని బట్టి హార్మోనియం వాయించేవాళ్లు పెట్టుకుంటారు. అది నాకు చాలా పెద్ద విషయం. ఆ పైకెళ్లే భాగాన్ని అన్నిసార్లు తిప్పి పాడటం కూడా మనకి వద్దు. రెండుసార్లు చాలు.

కొత్త పాస్టరు అయ్యగారు వచ్చారని చెప్పాను కదా. పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక నీ నోట్‌బుక్ ఆయన చేతికిచ్చి, అప్పుడు నేనేం మాట్లాడానో కూడా చెప్పాను. ఆయన ఆ కొట్టేసిన మాటల పేజీనే చాలాసేపు చూశారు. మళ్లీ కమిటీ ముందు పెడతానన్నారు. ఈసారి లేచి మాట్లాడేది కూడా నేనే. పెద్దల్లో ఇద్దరు ఇప్పటికీ వద్దనే అంటారు, వాళ్ల భయం వాళ్లది, వాళ్లని కూర్చోబెట్టి లూకా చదివి వినిపిస్తాను.

గిటార్ తంతులు తుప్పు పట్టాయి. చెల్లి కోఠీ తీసుకెళ్లి కొత్తవి వేయిస్తానంది. నువ్వు వచ్చి వాయించాలని అడగడం లేదు, అది నీ ఇష్టం. కానీ ఒక పని మాత్రం నువ్వే చెయ్యాలి. నిన్న వంటింట్లో నీ తెలుగు ఆ వరసలో పెట్టి పాడి చూశాను. 'తెగించిన ప్రేమ' తాళంలో చక్కగా కూర్చుంది. రెండో చరణం మూడో పాదంలో మాత్రం అక్షరాలు ఎక్కువయ్యాయి, ఊపిరి అందడం లేదు. నేను ఒక మాట తీసేసి చూశాను గానీ అర్థం మారిపోతోంది. అది నువ్వు సరిచేసి పంపు. మాకు శనివారం ఆరున్నరకి ప్రాక్టీసు.

అమ్మ