ఎండాకాలం పండగలు, చలివేంద్రం: 2025 జమా ఖర్చుల వివరణ

చందా ఇచ్చిన 186 ఇళ్ళవారికి, 23 దుకాణాలవారికి నమస్కారం. మన కర్నూలులో ఉగాది నుంచి మే 25 దాకా జరిగిన వాటికి లెక్క ఇది. బిల్లుల ఫైలు గుడి మండపంలో ఉంటుంది, ఎవరైనా తిరగేయవచ్చు.

మొదట జమ. నిరుటి నిలువ రూ. 11,340. ఇంటి చందాల్లో రూ. 500 ఇచ్చినవాళ్ళు 92, రూ. 300 ఇచ్చినవాళ్ళు 54, రూ. 200 ఇచ్చినవాళ్ళు 40, మొత్తం రూ. 70,200. దుకాణాలు తలా రూ. 1,000 చొప్పున రూ. 23,000. సీతారాముల కల్యాణంలో కూర్చున్న 5 జంటలు రూ. 1,116 చొప్పున రూ. 5,580. హుండీ రూ. 3,865. క్రికెట్ పోటీకి 12 జట్ల నుంచి రూ. 600 చొప్పున రూ. 7,200. అట్టపెట్టెలు, పాత డబ్బాలు అమ్మితే రూ. 340. అన్నీ కలిపి రూ. 1,21,525. ఇస్తామని చెప్పి ఇంకా ఇవ్వని చందాలు ఇందులో కలపలేదు. ఒక దాత ఇచ్చిన 25 కిలోల బెల్లం, మరొకరు ఇచ్చిన 6 సీసాల నన్నారి కూడా డబ్బు కింద వేయలేదు.

ఇక ఖర్చు. అందరూ ముందుగా అడిగేది చలివేంద్రం గురించే, సగానికి పైగా డబ్బు దానికే పోయింది: రూ. 65,420. శ్రీరామనవమి నాడు, ఏప్రిల్ 6న తెరిచాం. మే నెలాఖరు దాకా అనుకున్నాం గానీ, ఈసారి రుతుపవనాలు ముందే వచ్చి మే 26కే సీమలో అడుగుపెట్టాయి. దాంతో 50 రోజులకే ముగించాం.

పందిరికి 12 బొంగులు, 30 కొబ్బరి తడికలు, కూలి కలిపి రూ. 6,060. రేకు వేస్తే ఏళ్ళతరబడి ఉంటుందని కొందరన్నారు. రేకు కింద మధ్యాహ్నం రెండింటికి నిలబడి చూస్తే తడికలు ఎందుకో తెలుస్తుంది. కుండలు 14, ఒక్కోటి రూ. 240, మొత్తం రూ. 3,360. కావలసినవి పన్నెండే. మొదట తెచ్చినవాటిలో రెండింటికి బయట ఎర్రరంగు పూసి ఉంది, చూడముచ్చటగా ఉన్నాయని తీసుకున్నాం. రెండు రోజులైనా వాటిలో నీళ్ళు వెచ్చగానే ఉన్నాయి. కుండ గోడలోంచి నీరు సన్నగా ఊరుతూ, పైన ఆరిపోతేనే లోపలి నీరు చల్లబడుతుంది. రంగు ఆ రంధ్రాలను మూసేసింది. పీచుతో రుద్దినా ఊడలేదు. ఆ రెండూ చేతులు కడుక్కునే నీళ్ళకు వాడాం, వాటి బదులు రంగులేనివి రెండు కొన్నాం. కోస్తాలో మాదిరి ఉక్క కాదు మనది, పొడి ఎండ. గాలి తగిలే చోట ఇసుక తడిపి దానిమీద కూర్చోబెడితే కర్నూలులో కుండ బాగా పనిచేస్తుంది. మన నీళ్ళలో ఉప్పు ఎక్కువ కాబట్టి మూడు వారాలకు కుండ మీద తెల్లని పొర కడుతుంది, చల్లదనం తగ్గుతుంది. అప్పుడు ఖాళీ చేసి కొబ్బరిపీచుతో గీకి ఒక పూట నీడన ఆరబెట్టాలి. సబ్బు మాత్రం వద్దు, ఆ వాసన కుండ లోపలికి పీల్చుకుంటుంది.

నీళ్ళ క్యాన్లు 940, ఒక్కోటి రూ. 15, మొత్తం రూ. 14,100. మొదటి 20 రోజులు రోజుకు 14 సరిపోయాయి. ఎండ నలభై దాటాక 22 కావలసి వచ్చింది. ముప్పై లీటర్లు పట్టే కుండలు పన్నెండింటినీ సాయంత్రమే నింపి, మూత మీద తడిగుడ్డ కట్టి పెట్టాం. పొద్దున నింపితే పదింటికి వచ్చినవాళ్ళకు గోరువెచ్చటి నీళ్ళే ఇవ్వాలి. ముందుగా ఖాళీ అయినవాటిని పదకొండుకల్లా మళ్ళీ నింపితే నాలుగింటికి చల్లబడ్డాయి. ఐసుకు ఖర్చు సున్నా. నిరుడు దిమ్మలు తెచ్చి తప్పు చేశాం. అవి తాగడానికి తయారుచేసినవి కావు.

స్టీలు గ్లాసులు 24, పొడుగు కాడ గరిటెలు 2, కలిపి రూ. 1,600. గొలుసులు కట్టినా 9 గ్లాసులు మాయమయ్యాయి! కుండలో గ్లాసు ముంచనివ్వకుండా గరిటెతో పోయడానికి, పదింటి నుంచి ఐదింటి దాకా ఒక మనిషి ఉండాల్సిందే. రోజుకు రూ. 400 చొప్పున రూ. 20,000. ఎవరూ ఊరకే ఏడు గంటలు కూర్చోరు కదా. ఇందులో బేరమాడలేదు.

మజ్జిగ సోమ, గురువారాల్లో, మొత్తం 14 రోజులు. రోజుకు 20 కిలోల పెరుగు, 80 లీటర్ల నీళ్ళు, అరకిలో ఉప్పు. ఐదువందల గ్లాసులు వస్తాయి. పెరుగుకు రూ. 18,200, ఉప్పు, అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు, కొత్తిమీరకు రూ. 2,100. మొదటి సోమవారం అంతా ఒకేసారి చిలికితే ఒంటిగంటకల్లా పులిసి, చివరి రెండు గంగాళాలు పారబోయాల్సి వచ్చింది. తర్వాతి నుంచి సగం పెరుగు పక్క దుకాణం ఫ్రిజ్‌లో పెట్టి పదిన్నరకు ఒకసారి, ఒంటిగంటకు ఒకసారి కలిపాం.

శ్రీరామనవమికి రూ. 23,536. షామియానా, కుర్చీలకు రూ. 6,500 ఎక్కువే, ఒప్పుకుంటాం. మార్చి 30 ఉగాది, 31 రంజాన్, ఆ తర్వాతి ఆదివారమే నవమి. ఆ వారమంతా ఊళ్ళో సామాను దొరకలేదు. ఫిబ్రవరిలోనే బయానా ఇచ్చి ఉంటే తగ్గేది. పూలు, తలంబ్రాలు, పట్టుబట్టలు, పుస్తెలు, మట్టెలు రూ. 5,400, అయ్యవారి సంభావన రూ. 5,116, మైకు రూ. 3,500. పానకం, వడపప్పుకు కలిపి రూ. 3,020 మాత్రమే, బెల్లం దాత ఇచ్చారు కాబట్టి. ఆ 25 కిలోలకు మరో 5 కిలోలు చేర్చి 180 లీటర్లు కలిపాం, లీటరుకు సుమారు 165 గ్రాముల లెక్క. మిరియాలు అరకిలో, శొంఠి పావుకిలో, యాలకులు వంద గ్రాములు. బెల్లం నీళ్ళు గుడ్డలో వడగట్టకపోతే అడుగున ఇసుక చేరుతుంది. నిమ్మరసం ఎందుకు పిండలేదని అడిగారు: పెద్ద గంగాళాల్లో రెండు కళాయి లేని ఇత్తడివి, పులుపు పడితే చిలుము దిగుతుంది. పన్నెండు కిలోల పెసరపప్పు రెండు గంటలే నానబెట్టాం. ఈ ఎండకు తెల్లవార్లూ నానితే జిగురు పట్టి వాసన వస్తుంది.

ఉగాది పచ్చడికి, పంచాంగ శ్రవణానికి రూ. 2,140.

పిల్లల క్రికెట్‌కు రూ. 9,100, అంటే వచ్చిన రుసుము కన్నా రూ. 1,900 ఎక్కువ. సెలవుల్లో పిల్లలు తుంగభద్ర మడుగుల్లో దిగకుండా ఉండాలని పెట్టినది ఇది. ఇసుక తవ్విన గుంతలు మోకాలి లోతులా కనిపిస్తాయి, ఇంకో అడుగు వేస్తే మునుగుతారు. ఓడితే ఇంటికే కాబట్టి 12 జట్లకు 11 మ్యాచులు, పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకానే. టెన్నిస్ బంతులు 40 (రూ. 2,400), సున్నం, బహుమతులు, అరటిపళ్ళు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, దెబ్బలకు మందులు. బంతులు ఇన్నా అంటే, రాతినేల మీద నాలుగైదు ఓవర్లకే వాటి నూగు పోతుంది.

కోట, గుమ్మటం చూపించడానికి 60 మంది పిల్లలను తీసుకెళ్ళిన పూట రూ. 4,200: ఆరు ఆటోలకు రూ. 2,400, ఉగ్గాని బజ్జికి రూ. 1,800. చందా డబ్బుతో షికారేమిటని ఒకరు మీటింగులో అడిగారు. 1937లో కోస్తా, సీమ నాయకులు చేసుకున్న శ్రీబాగ్ ఒడంబడికలో రాజధాని, హైకోర్టుల్లో సీమ కోరుకున్నది సీమకు రావాలన్న మాట ఉంది. 1953 అక్టోబరు 1 నుంచి 1956 నవంబరు 1 దాకా ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని కర్నూలే, టంగుటూరి ప్రకాశం మొదటి ముఖ్యమంత్రి. కట్టడాలు చాలక ప్రభుత్వ ఆఫీసులు డేరాల్లో నడిచాయి. మన పిల్లల్లో ఎక్కువమందికి ఈ సంగతి తెలియదు. కొండారెడ్డి బురుజు నీడలోనూ, హంద్రీ ఒడ్డున గుమ్మటం, అంటే నవాబు అబ్దుల్ వహాబ్ సమాధి దగ్గరా ఇవన్నీ చెప్పించాం. ఆరింటికి బయలుదేరి తొమ్మిదిన్నరకు తిరిగొచ్చాం. ఈ ఖర్చు వద్దనేవారు వచ్చే మీటింగులో చెప్పండి, మా మాట మాత్రం ఉండాలనే.

రసీదు పుస్తకాలకు రూ. 1,150. నవమికి తాత్కాలిక కరెంటు కనెక్షన్, దీపాలకు రూ. 1,860, తీగకు కొక్కెం వేసి దొంగ కరెంటు లాగలేదు. చందాల్లో వచ్చిన ఒక 500 నోటు నకిలీదని బ్యాంకులో తేలింది. అలాంటి నోటు తిరిగివ్వరు, ముద్ర వేసి పట్టుకుని చీటీ ఇస్తారు. చీటీ ఫైలులో ఉంది, రూ. 500 నష్టం కింద రాశాం.

మొత్తం ఖర్చు రూ. 1,07,906. నిలువ రూ. 13,619: బ్యాంకులో రూ. 12,000, చేతిలో రూ. 1,619. సామానులో పది బొంగులు, తొమ్మిది కుండలు, 15 గ్లాసులు, రెండు గరిటెలు గుడి వెనక గదిలో ఉన్నాయి. తడికలు చెద పట్టాయి, మళ్ళీ కొనాల్సిందే.

64వ నంబరు రసీదు అడుగుముక్కలో రూ. 200 అని ఉంది, పెట్టెలోని డబ్బుతో సరిచూస్తే రూ. 300 తేలింది. మూడువందలుగానే జమ వేశాం. ఆ ఇంటివారు తమ దగ్గరున్న రసీదు తెచ్చి చూపిస్తే దిద్దుతాం.