చెట్లు ఆగిపోయే చోట

ఒరేయ్,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. ఈ చలికాలం నువ్వూ వస్తానన్నందుకు నాకెంత సంతోషమో చెప్పలేను. కానీ మధ్యలో ఒక మాట రాశావు చూడు, "ఎండాకాలంలో ఎక్కిన కొండే కదా, మంచు పడితే కాస్త జారుతుంది, అంతేగా" అని. అక్కడ ఆగిపోయాను. ఆ ఒక్క మాట కోసమే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

చెట్ల మధ్య నడిచినంతసేపూ నువ్వన్నది నిజమే. మంచు మెత్తగా ఉంటుంది, గాలి తెలీదు, ఎక్కుతుంటే చెమట కూడా పడుతుంది. పైకి పోయేకొద్దీ చెట్లు పొట్టివైపోతాయి. ముందు మనిషెత్తు, తర్వాత నడుమెత్తు, చివరికి నేలకి కరుచుకుని మోకాలి దాకా. గాలి కొట్టే వైపు వాటికి కొమ్మలే ఉండవు. ఆపైన అవీ ఉండవు. దాన్నే ట్రీలైన్ అంటారు. అది దాటి పదడుగులు వేశావంటే నువ్వెరిగిన కొండ కాదది. మెత్తటి మంచునంతా గాలి ఊడ్చేసి ఉంటుంది. మిగిలేది గట్టిపడిన పెళుసు మంచు, అక్కడక్కడా గాజులా మెరిసే ఐసు. మనం రెంటినీ మంచు అనేస్తాం గానీ, కాలికి మాత్రం రెండూ ఒకటి కావు.

ఎత్తు తక్కువేగా అని కూడా రాశావు. అమెరికాలో మౌంట్ వాషింగ్టన్ ఎత్తు 1,917 మీటర్లే. 1934 ఏప్రిల్ 12న దాని శిఖరం మీద గాలి గంటకి 372 కిలోమీటర్ల వేగంతో వీచింది. చాలా ఏళ్లు అదే ప్రపంచ రికార్డు. అంత అక్కర్లేదులే, మామూలు రోజే తీసుకో. మైనస్ 15 డిగ్రీల్లో గంటకి 50 కిలోమీటర్ల గాలి ఉంటే ఒంటికి మైనస్ 29లా తగులుతుంది. కప్పుకోని చెంపకి అరగంట లోపే ఫ్రాస్ట్‌బైట్ రావచ్చు, అంటే చర్మం గడ్డకట్టి దెబ్బతినొచ్చు.

పోయిన చలికాలం సంగతి నీకు సరిగ్గా చెప్పలేదు. నలుగురం వెళ్లాం. చివరి చెట్ల దగ్గర మిగతా ముగ్గురూ ఆగి బూట్ల కింద క్రాంపాన్లు, అంటే ఐసులో దిగే పొడుగు ముళ్ల చట్రాలు, కట్టుకున్నారు. నేను బూట్లకి తొడుక్కున్న పొట్టి ముళ్ల మైక్రోస్పైక్స్ చాలులే, పైన చూసుకుందాం అన్నాను. ఓ రెండు వందల మీటర్లు పోయాక వాలు నిటారైంది. మైక్రోస్పైక్స్ ఐసు మీద గీసుకుంటున్నాయి తప్ప దిగట్లేదు. ఒక బండ చాటున కూర్చుని క్రాంపాన్లు తీశాను. పట్టీ చలికి పుల్లలా బిగుసుకుపోయింది. నాలుగు వేళ్లూ ఒకే అరలో ఉండే మందపాటి మిట్టెన్ వేసుకుని దాన్ని బకిల్‌లోకి దూర్చడం నావల్ల కాలేదు. మిట్టెన్ తీసేశాను. వేళ్లకి ఎక్కేటప్పటి చెమట తడి ఇంకా ఉంది. మొదట సూదులు గుచ్చినట్టు నొప్పి. తర్వాత నొప్పి పోయింది. నాకు భయం వేసింది అప్పుడే. పట్టీ నా వేళ్ల మధ్య ఉందని కంటికి కనిపిస్తోంది, వేళ్లకి తెలియట్లేదు. పక్కనున్నవాడు ఏమీ అనకుండా తన జాకెట్ జిప్ తీసి, నా చెయ్యి చంకలో పెట్టుకున్నాడు. ఇంకొకడు నా క్రాంపాన్లు కట్టాడు. అక్కణ్ణించే నలుగురం వెనక్కి తిరిగాం. చెట్లలోకి వచ్చాక వేళ్లలోకి రక్తం తిరిగి వస్తుంటే ఆ నొప్పికి కళ్లనీళ్లు ఆగలేదు.

అందుకే గట్టిగా చెబుతున్నాను. చేయాల్సిందంతా ఆ చివరి చెట్ల దగ్గరే చేసేయాలి. క్రాంపాన్లు, గాలి జాకెట్, మిట్టెన్స్, ముఖానికి మాస్కు, గాగుల్స్, అన్నీ. ఆకలి లేకపోయినా ఏదో ఒకటి తినాలి. ఎన్ని గంటలకి ఎక్కడున్నా వెనక్కి తిరగాలో కూడా అక్కడే, అందరూ ఒప్పుకుని అనుకోవాలి. పైకి పోయాక ఆలోచించడానికి బుర్ర కూడా చేతుల్లాగే మొద్దుబారుతుంది. ఎవరికైనా మాట ముద్దగా వస్తున్నా, ఊరికే తడబడుతున్నా, ఊరికే చిరాకు పడుతున్నా అది హైపోథర్మియా, అంటే ఒంట్లో వేడి ప్రమాదకరంగా పడిపోవడం, మొదలవడం కావచ్చు. తను బాగానే ఉన్నానని వాడు అంటే నమ్మకూడదు.

కింద బయల్దేరేటప్పుడు కొంచెం చలి వేస్తూనే ఉండాలి. వెచ్చగా ఉందని అన్నీ వేసుకుని ఎక్కితే లోపల తడిసిపోతావు. కాటన్ బట్ట ఒంటి మీద ఒక్కటీ వద్దు, తడిస్తే ఆరదు. నీళ్ల సీసా బ్యాగులో తలకిందులుగా పెట్టు. ఐసు పైనుంచి కడుతుంది కాబట్టి మూత దగ్గర గడ్డకట్టదు. ఫోన్ లోపలి జేబులో, ఒంటికి ఆనుకుని ఉండాలి. జారితే మంచులో దింపి ఆగడానికి పట్టుకునే చిన్న గొడ్డలి, ఐస్ యాక్స్, దాని సంగతి ఉత్తరంలో చెబితే వచ్చేది కాదు. కింద రాళ్లు లేని చిన్న వాలు మీద పడి, జారి, ఆగడం ఒక పూటంతా ప్రాక్టీస్ చేద్దాం. హిమపాతాల హెచ్చరికలు నేను చూస్తాను. 30 నుంచి 45 డిగ్రీల వాలుల్లోనే అవి ఎక్కువ కాబట్టి మన దారి ఆ వాలులకి దూరంగా ఉండేలా చూసుకుంటాను.

ఇదంతా చదివి టెన్షన్ పడకు. ఇన్ని చెప్పేది నువ్వు అక్కడిదాకా వచ్చి చూడాలనే. దారి చూపే రాళ్లగుట్టల మీద మంచు ఈకల్లా పెరుగుతుంది, జానెడు పొడుగున, గాలి వచ్చే వైపుకే. అంటే రాత్రి గాలి ఎటునుంచి కొట్టిందో రాయిని చూసి చెప్పొచ్చు. ఒక్కో ఈక అంచు ఎంత సన్నగా ఉంటుందంటే, దగ్గరికి వంగి చూస్తుంటే నీ ఊపిరికే కరిగిపోతుంది. గాలి ఒక్క క్షణం ఆగితే నీ గుండె చప్పుడు నీకే వినిపిస్తుంది.

నీ క్రాంపాన్లు బూట్లకి సరిపోయాయో లేదో ముందు చూడు. తర్వాత రోజూ ఒకసారి మట్టి నేల మీద కూర్చుని, మిట్టెన్స్ వేసుకునే, వాటిని కట్టి విప్పు. మొదట్లో పావుగంట పడుతుంది. మూడు నిమిషాల్లో రెండు కాళ్లకీ కట్టగలిగిన రోజున నాకు రాయి, తేదీ ఖాయం చేద్దాం.

నీ నేస్తం