బిల్లీ హాలిడే పోస్టర్ల ప్రదర్శన: సభ్యులకు వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. ఉగాది, బతుకమ్మ, దీపావళి వేడుకలు ఎప్పటిలాగే జరిగాయి. వాటి ఫొటోలు, జమాఖర్చుల పట్టిక విడిగా పంపాం. ఈ నివేదికలో ఎక్కువ చోటు సాంస్కృతిక విభాగం కొత్తగా తలపెట్టిన పనికే ఇస్తున్నాం. అమెరికాలోని బాల్టిమోర్‌లో స్థిరపడిన మనం, ఈ ఊళ్లో పెరిగిన జాజ్ మహాగాయని బిల్లీ హాలిడే గురించి పిల్లలకు చెప్పకపోతే ఎలా అని గత సర్వసభ్య సమావేశంలో కొందరు అడిగారు. ఆమె కచేరీల పాత పోస్టర్ల ప్రతులతో ప్రదర్శన పెట్టాలని అక్కడే తీర్మానించాం.

ఆమె 1915లో ఫిలడెల్ఫియాలో పుట్టారు. బాల్యం బాల్టిమోర్‌లో కష్టాల మధ్య గడిచింది. పెన్సిల్వేనియా అవెన్యూలో 1985లో పెట్టిన ఆమె కంచు విగ్రహాన్ని మనలో చాలామంది కారులోంచి చూసినవాళ్లమే. ఈసారి పిల్లలతో వెళ్లి, దిగి, దగ్గరగా చూశాం.

అప్పట్లో కచేరీ పోస్టరు చాలావరకు 14 అంగుళాల వెడల్పు, 22 అంగుళాల ఎత్తు ఉన్న అట్ట. దుకాణాల అద్దాల్లో పెట్టేవారు, స్తంభాలకు కొట్టేవారు. పేర్లకు పెద్ద చెక్క అక్షరాలు, ముఖానికి ఫొటో చెక్కిన లోహపు అచ్చు, అంటే బ్లాకు. సిరా తొట్టిలో రెండు మూడు రంగులు పక్కపక్కనే పోస్తే, రోలరు తిరిగేకొద్దీ అంచుల్లో కలిసిపోయి ఒక్క అచ్చులోనే రంగుల ధార వచ్చేది. బాల్టిమోర్‌లో 1929లో మొదలైన గ్లోబ్ పోస్టర్ సంస్థ ఈ విద్యలో పేరు మోసింది. అది మూతపడ్డాక దాని అక్షరాలు, బ్లాకులు 2011లో మేరీలాండ్ ఇన్‌స్టిట్యూట్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌కు చేరాయి. సొంతూళ్లలో కాలితో తొక్కే ట్రెడిల్ ప్రెస్సు మీద నాటకాల కరపత్రాలు అచ్చవడం చూసిన మన పెద్దలకు ఇదంతా వివరించనక్కర్లేకపోయింది. పిల్లలకు చెప్పింది వాళ్లే.

కచేరీ అయిపోగానే ఈ అట్టలు చెత్తలోకి పోయేవి. అసలు ప్రతులు అరుదు కాబట్టి, జరగని కచేరీలకు కూడా కంప్యూటరు మీద పోస్టర్లు తయారుచేసి పాతవంటూ అమ్ముతున్నారు. కళాకారిణి జీవితాన్నే తప్పుగా చెప్పే అలాంటివి ఎంత అందంగా ఉన్నా గోడకెక్కకూడదని విభాగం నిర్ణయించింది. దొరికిన ప్రతి బొమ్మనూ ఆమె జీవిత వివరాలతో సరిచూశాం. 1930ల తేదీ వేసి, మెరిసే ఫ్లోరోసెంట్ రంగులున్నవాటిని పక్కన పెట్టాం. ఆ సిరాలు పోస్టర్లలోకి వచ్చింది రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే. మాదకద్రవ్యాల కేసులో శిక్ష పడ్డాక న్యూయార్క్ పోలీసులు ఆమెకు క్యాబరే కార్డు నిరాకరించారు. అప్పట్లో అక్కడ మద్యం అమ్మే క్లబ్బుల్లో పాడటానికి ఆ కార్డు తప్పనిసరిగా ఉండాల్సి వచ్చేది. అందుకే ఆ తర్వాతి ఏళ్ల న్యూయార్క్ క్లబ్బుల పోస్టర్లను మరింత అనుమానంగా చూశాం. న్యూయార్క్‌లోనే ఉన్న కార్నెగీ హాలు క్లబ్బు కాదు, కచేరీ మందిరం కాబట్టి దానికి ఆ కార్డు అక్కర్లేకపోయింది. జైలు నుంచి విడుదలైన కొద్ది రోజులకే, 1948 మార్చి 27న, ఆమె అక్కడ పాడారు. టికెట్లన్నీ అమ్ముడైపోయి వేదిక మీద కూడా కుర్చీలు వేయాల్సి వచ్చింది. ప్రదర్శనలో అన్నిటికంటే పెద్ద వివరణ ఈ కచేరీకే రాశాం, అది న్యాయమే.

అచ్చు విషయంలో చిక్కు ఫొటోల దగ్గర వచ్చింది. పాత బ్లాకుల్లో ముఖమంతా చుక్కలే. వాటిని స్కాన్ చేసి మళ్లీ ప్రింటు తీస్తే చుక్కల మీద చుక్కలు పడి అలల్లాంటి గీతలు తేలుతాయి. ఎక్కువ రిజల్యూషన్‌లో స్కాన్ చేసి, కొద్దిగా మసకబరిచి, కొలత తగ్గించాక సర్దుకుంది. హక్కుల సంగతి కూడా చూసుకున్నాం. 1978కి ముందు కాపీరైట్ సూచన లేకుండా అమెరికాలో ప్రచురించిన పోస్టర్లు సాధారణంగా అందరి సొత్తు. అయితే అందులోని ఫొటోకు విడిగా హక్కుదారు ఉండొచ్చు, అలాంటి సందేహం ఉన్నవి వదిలేశాం. ఒక్కో ప్రతి వెనకా 'నకలు' అని, అచ్చువేసిన సంవత్సరం వేశాం.

మిగిలిన ప్రతులు సభ్యత్వం పునరుద్ధరించుకునే కుటుంబాలకు ఉచితంగా ఇస్తాం. వచ్చే ఏడాది మరో జాజ్ గాయని ఎల్లా ఫిట్జెరాల్డ్ పోస్టర్లు తీసుకోవాలని ప్రతిపాదన ఉంది. పరిశీలన పనిలో చేయి వేయగలవాళ్లు తమ పేర్లు కార్యదర్శికి ఇవ్వాలని కోరుతున్నాం.

కార్యవర్గం