వాటా తీసుకుంటే బోటుకు యజమాని అయిపోతాడా?
కార్మిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

ఇది నా నాలుగో అర్జీ. మొదటి మూడింటికీ రసీదులున్నాయి, జవాబులు లేవు. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను.

2024 ఆగస్టు మొదట్లో, సముద్రంలో చేపల వేట నిషేధం ముగిసి రెండు నెలలైనా కాకముందే, విశాఖ ఫిషింగ్ హార్బరు నుంచి వెళ్లిన మరపడవలో మా అన్నయ్య కుడి చేయి వల లాగే యంత్రమైన వించ్‌లో పడింది. తెల్లవారుజామున వల లాగుతున్నారు. ఇనుప తాడు పాతది, తెగిన పోగులు ముళ్లలా పైకి లేచి ఉన్నాయి. ఒక పోగు ఆయన చేతి తొడుగును పట్టేసింది. తాడు చుట్టుకునే డ్రమ్ముకు మూత లేదు. ఆపే మీట బోటు నడిపే సరంగు గదిలో ఉంది. ఇంజిను మోతలో అన్నయ్య అరుపు సరంగుకు వినపడేసరికే నాలుగు వేళ్లు పోయాయి. ఒడ్డు చేరడానికి పద్నాలుగు గంటలు పట్టింది. వేళ్లను చేపలకు వేసే ఐసులోనే పెట్టి తెచ్చారు. అతికించే సమయం దాటిపోయిందన్నారు డాక్టర్లు.

ఆ ప్రమాదం జరిగిన రోజున అమల్లో ఉన్న 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం మీ అధికారులకు కంఠతా వచ్చే ఉంటుంది. ఒక చేతి నాలుగు వేళ్లు పోతే సంపాదన శక్తిలో 50 శాతం పోయినట్టేనని దాని షెడ్యూలులోనే ఉంది. పరిహారం నెలలోపు ఇవ్వాలని, ఆలస్యమైతే 12 శాతం వడ్డీ కట్టాలని కూడా ఉంది. మేం అడుగుతున్నది అదే. దయాధర్మం కాదు.

యజమాని ఏమంటున్నాడంటే, కళాసీలు, అంటే బోటులో పనిచేసేవాళ్లు, జీతగాళ్లు కారట, వాటాదారులట. డీజిల్, ఐసు, సరుకుల ఖర్చు పోగా మిగిలినదానిలో వాటా తీసుకుంటారు కాబట్టి వ్యాపారంలో భాగస్థులేనట. అయ్యా, పదహారేళ్లు ఆ వాటా తీసుకున్న మా అన్నయ్యకు ఆ బోటులో ఒక్క మేకు మీదైనా హక్కుందా? రేపు దాన్ని అమ్మితే ఒక్క రూపాయైనా వస్తుందా? ‘రేపటి నుంచి రావద్దు’ అని ఒక్క మాట చెబితే ఇంటికి వచ్చేయాల్సినవాడు ఏ రకం భాగస్థుడు? అజాగ్రత్త కూడా ఆయనదేనట. మూత తీసేసినవాడిని తప్పుపట్టమని చట్టం అంటుంది, నిజమే. అసలు మూతే లేని వించ్ దగ్గర ఆయన తీసేసింది ఏమిటి?

మీ శాఖ కార్యాలయం ఇది చేపల సంగతి కదా, మత్స్య శాఖకు వెళ్లమంది. అక్కడివాళ్లు ఇది పరిహారం కదా, కార్మిక శాఖకే వెళ్లమన్నారు. ఎక్కడికి వెళ్లినా ఆ రోజు ఆయన బోటులో ఉన్నట్టు కాగితం తెమ్మన్నారు. కాగితం ఎవరిస్తారండీ? పక్కన నిలబడి వేళ్లు ఏరినవాళ్లే సాక్ష్యానికి రావడం లేదు. వాళ్లను నేను నిందించను. సాక్ష్యం చెప్పినవాడిని ఇంకో బోటు ఎక్కనివ్వరు. నిషేధం రోజుల్లో వాళ్లు అడ్వాన్సుగా తీసుకున్న బయానా ఇంకా తీరలేదు.

రెండేళ్ల గడువు దాటకుండా దరఖాస్తు వేశాం. అప్పటి నుంచీ వాయిదాలే. యజమాని తరఫు లాయరు వస్తే అధికారి ఉండరు, అధికారి ఉంటే లాయరు రారు. వాయిదాకు రావాలంటే వదిన చేపల బుట్ట దించి ఒక రోజు బేరం పోగొట్టుకోవాలి.

వాటా కూడా కూలే అని మీ శాఖ నుంచి ఒక్క స్పష్టమైన ఉత్తర్వు ఇప్పించండి. బోటు జెట్టీ వదిలే ముందు ఎక్కిన ప్రతి మనిషి పేరూ రాసి, ఒక నకలు వాళ్ల చేతిలో పెట్టేలా మత్స్య శాఖతో మాట్లాడండి. వించ్‌కు మూత, డెక్కు మీద అందే మీట లేని బోటుకు లైసెన్సు ఎందుకివ్వాలో మీరే అడగండి. ఇవన్నీ ఆలస్యమవుతాయంటే, కనీసం మా అన్నయ్య కేసును వాయిదా వేయకుండా ఒక్కసారి వినమని చెప్పండి.

ఈ అర్జీ మీద ఆయన కూడా సంతకం చేశాడు. ఎడమ చేత్తో. వంకరగా ఉందని మళ్లీ వెనక్కి పంపకండి.

ఇట్లు,
ఒక కళాసీ తమ్ముడు,
విశాఖపట్నం