రేసు ఇంజన్ల షాపా? ముందు బోర్ గేజ్ కొనండి

సంపాదకుడికి,

ఆర్ఎక్స్100 లాంటి బళ్ల ఇంజన్లు సరదాగా విప్పి పోర్టింగు (గాలి, పొగ వెళ్లే దారులను చెక్కి సరిచేయడం) చేసుకునే కుర్రాళ్లు ఉద్యోగం మానేసి షాపులు పెడుతున్నారని ఆదివారం అనుబంధంలో రాశారు. సంతోషం. కానీ అందులో జాగా అంతా హార్స్‌పవర్ లెక్కలే తినేశాయి. ఇలాంటి షాపులు మూతపడేది తిరిగొచ్చిన ఇంజన్ల వల్ల, గంటల లెక్క తెలియక చెప్పిన రేట్ల వల్ల. అప్పు చేసి దిగే పిల్లలకు ఈ రెండూ ముందే తెలియాలి.

బోరింగు మిషను (సిలిండరు లోపలి రంధ్రాన్ని, అంటే బోరును, పెద్దది చేసేది), డైనో (ఇంజను శక్తి కొలిచేది) మొదటి రోజే అక్కర్లేదు. బోరు, హెడ్డు (సిలిండరు పై మూత) ఫేసింగు, అంటే దాని ముఖం చదును చేయడం, బయట చేయించుకోవచ్చు. విజయవాడ ఆటోనగర్‌లో ఆ పనివాళ్లకు కొదవ లేదు. కొలత మాత్రం మన చేతిలోనే ఉండాలి. బోర్ గేజ్ (బోరు వ్యాసం కొలిచేది), మైక్రోమీటర్లు, డయల్ గేజ్ (చిన్న కదలికలు కొలిచేది), డిగ్రీ ప్లేటు (క్రాంకు ఎన్ని డిగ్రీలు తిరిగిందో చూపేది), బ్యూరెట్ (హెడ్డు గుంతలో ఎంత ద్రవం పడుతుందో కొలిచే గొట్టం), నమ్మకమైన టార్క్ రెంచి (బోల్టు బిగింపు కొలిచేది) ముందు కొనాలి. బోరు కొట్టించేటప్పుడు ఎక్కించబోయే పిస్టన్‌నే తీసుకెళ్లాలి. సిలిండరు పూర్తిగా చల్లారాకే పైన, మధ్య, కింద రెండేసి దిక్కుల్లో కొలవాలి. వేడి మీద సరిపోయిన సైజు చల్లారాక బిగుసుకుంటుంది, పిస్టన్ పట్టేస్తుంది.

రింగు గ్యాపు (పిస్టన్ రింగు రెండు కొసల మధ్య ఖాళీ) దగ్గర చాలామంది తొందరపడతారు. 66 మి.మీ. బోరున్న ఫోర్‌స్ట్రోక్ రేసు ఇంజనుకు పై రింగు గ్యాపు సుమారు 0.30 మి.మీ., రెండో దానికి 0.33 పెడతారు. పిస్టన్ కంపెనీ వేరే అంకె ఇస్తే అదే పాటించాలి. రింగును బోరులో పెట్టి, తిరగేసిన పిస్టన్‌తో అంగుళం లోతుకు సమంగా నెట్టి, సందు కొలిచే పల్చటి రేకుల ఫీలర్ గేజ్‌తో చూడాలి. గ్యాపు పెంచడానికి కొసలు అరగదీసేటప్పుడు ఆకురాయి బయటి అంచు నుంచి లోపలికే నడవాలి, లేకపోతే పూత లేస్తుంది. గ్యాపు చాలకపోతే వేడికి కొసలు రెండూ ఢీకొని బోరు గీరుకుపోతుంది. హోనింగుకు (బోరు లోపలి గోడను రాతితో సన్నగా రుద్దే ఆఖరి పని) ముందే గ్యాపు కుదిర్చినా లాభం లేదు, ఎందుకంటే బోరు 0.01 మి.మీ. పెరిగితే గ్యాపు 0.03 పెరుగుతుంది.

ఫోర్‌స్ట్రోక్ ఇంజనులో కంప్రెషన్ కోసం హెడ్డు చెక్కిస్తే వాల్వులు పిస్టన్‌కు దగ్గరవుతాయి, చైనుతో నడిచే కామ్ టైమింగు (వాల్వులు తెరుచుకునే, మూసుకునే వేళ) కూడా కాస్త వెనక్కి పోతుంది. పిస్టన్ మీద బంకమట్టి పెట్టి, హెడ్డు బిగించి, చేత్తో రెండు చుట్లు తిప్పి మట్టిని కోసి మందం కొలవాలి. ఇన్‌టేక్ దగ్గర 1.5, ఎగ్జాస్ట్ దగ్గర 2 మి.మీ. తగ్గకూడదు.

ఇక డబ్బు. అద్దె, కరెంటు, హెల్పరు జీతం, కిస్తీ కలిపి నెలకు 60,000, మీ జీతం 40,000 అనుకోండి. నెలకు 200 గంటలు షాపులో ఉన్నా బిల్లు వేయగలిగేవి 120 గంటలే అనుకుంటే, గంట ఖరీదు 833 రూపాయలు. విప్పడం, కడగడం, కొలవడం, పోర్టింగు, బిగింపు కలిపి 30 గంటలు పట్టే ఇంజనుకు కూలే 25,000. పార్టులు, మిషను పని వేరు. స్నేహితుడని 8,000కు ఒప్పుకుంటే ఆ నెల అద్దె ఎవరు కట్టాలి? పార్టుల సొమ్ము మొత్తం అడ్వాన్సుగా తీసుకోండి. రేసుల సీజను ముందు పని ముంచెత్తుతుంది, తర్వాత ఖాళీ. ఆ ఖాళీలో మామూలు బళ్ల ఇంజను పనులే అన్నం పెడతాయి, వాటిని చిన్నచూపు చూడకండి. పార్టుల బిల్లులు కూడా టర్నోవరులో కలుస్తాయి కాబట్టి ఏడాదికి 20 లక్షల జీఎస్టీ రిజిస్ట్రేషన్ పరిమితి అనుకున్నదానికంటే ముందే వస్తుంది.

రోడ్డు బండికి రేసు ఇంజను ఎక్కించమంటే ఒప్పుకోకండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అనుమతి లేని మార్పులను నిషేధిస్తోంది. ట్రాక్ వాడకానికే అని బిల్లు మీద రాయండి.

ప్రతి ఇంజను కొలతలూ నంబరుతో సహా కాగితం మీద పెట్టి, ఒక ప్రతి కస్టమరుకు ఇచ్చి సంతకం తీసుకోండి. ఇన్‌టేక్ వాల్వుకూ పిస్టన్‌కూ మధ్య ఖాళీ 1.8 మి.మీ. అని రాసి పంపిన ఇంజను పిస్టన్ మీద వాల్వు అచ్చుతో తిరిగొస్తే, ముందు చైను, టెన్షనరు (చైనును బిగువుగా ఉంచేది), వాల్వు స్ప్రింగులు చూడాలి. అవి బాగుంటే గేరు తప్పించి ఇంజనును అతిగా తిప్పి ఉండే అవకాశం ఎక్కువ. ఆ మాట కస్టమరుకు చెప్పడానికి చేతిలో ఆ కాగితం ఉండాలి.

– ఒక ఇంజను మెకానిక్, విజయవాడ