మా షాపు లాప్‌టాప్‌కి వైఫై తెచ్చిపెట్టిన ఉస్మానియా తమ్ముడికి, వాళ్ల అక్కకి థాంక్స్

థీసిస్ ప్రింట్లు తీయించుకోవడానికి వచ్చి, నా పాత లాప్‌టాప్‌లో లైనక్స్‌కి (విండోస్ లాంటిదే, ఊరికే దొరికే సిస్టమ్) వైఫై డ్రైవర్, అంటే కార్డుని పనిచేయించే సాఫ్ట్‌వేర్, వేసిపెట్టి, పైసా తీసుకోకుండా వెళ్లిపోయిన ఉస్మానియా యూనివర్సిటీ తమ్ముడికి నలుగురి ముందూ థాంక్స్ చెప్పాలనే ఈ పోస్టు. పేరు రాయొద్దన్నాడు, రాయడం లేదు. ఫోన్‌లోనే సగం పని నడిపించిన వాళ్ల అక్కకి కూడా థాంక్స్. ఆవిడ గచ్చిబౌలిలో సర్వర్లు చూసే ఉద్యోగం చేస్తారట. ఆఫీసు టైములో ఫోన్ చేసినా విసుక్కోలేదు.

విద్యానగర్‌లో మాది చిన్న డీటీపీ షాపు. శుభలేఖలు, కరపత్రాలు, స్టూడెంట్ల ప్రాజెక్టు రికార్డులు, స్పైరల్ బైండింగ్. తెలుగు పనంతా పేజ్‌మేకర్ 7లో, అను ఫాంట్లతో. అవి యూనికోడ్ ఫాంట్లు కావు. ఆ ఫాంట్ లేని మెషీన్‌లో ఫైల్ తెరిస్తే ‘శ్రీరస్తు శుభమస్తు’ ఉండాల్సిన చోట ఏవో పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. ఇన్నేళ్ల జాబులన్నీ అందులోనే ఉన్నాయి కాబట్టి విండోస్ తీసేయడం కుదరదు. ఇటు చూస్తే 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు అయిపోయింది. విండోస్ 11 వేద్దామంటే మా ప్రాసెసర్ దాని లిస్టులోనే లేదు. రోజంతా ఎవరెవరి పెన్‌డ్రైవ్‌లో గుచ్చే మెషీన్‌ని అలా వదిలేయలేం కదా. అందుకే విండోస్‌ని నెట్ లేకుండా పేజ్‌మేకర్‌కి ఉంచి, మెయిళ్లు, పీడీఎఫ్‌లు, కస్టమర్ల పెన్‌డ్రైవ్‌ల కోసం పక్క పార్టిషన్‌లో (డిస్క్‌లో విడిగా ఉంచిన భాగంలో) డెబియన్ 12 అనే లైనక్స్ వేశాను. ఆన్ చేయగానే ఏది కావాలని అడుగుతుంది.

అంతా బాగానే ఎక్కింది, వైఫై తప్ప. నెట్‌వర్క్‌ల లిస్టు కాదు కదా, అసలు వైఫై అనే మాటే ఎక్కడా కనిపించలేదు. ఒక సర్వీస్ షాపులో చూపిస్తే ‘కార్డు పోయింది, మార్చాలి’ అన్నారు. అదే కార్డు విండోస్‌లో నిక్షేపంగా పనిచేస్తుంటే పోవడమేంటో నాకు అర్థం కాలేదు. సరే తర్వాత చూద్దామని తెచ్చేసుకున్నాను.

అప్పుడు వచ్చాడు ఈ తమ్ముడు. వాళ్ల సబ్మిషన్ల సీజన్, షాపు కిటకిటలాడుతోంది. ప్రింట్లు వచ్చేలోపు నేను లాప్‌టాప్‌తో పడుతున్న తిప్పలు చూసి, ‘ఫికర్ చెయ్యకన్నా, కార్డు మార్చే పనే లేదు. ఇటియ్యి’ అని స్టూల్ లాక్కుని కూర్చున్నాడు.

అతను మొదట చేసిన పని నాకు బాగా నచ్చింది. నేను లాప్‌టాప్ కంపెనీ పేరు, మోడల్ పేరు చెప్పబోతే వద్దన్నాడు. ఒకే మోడల్‌లో రకరకాల వైఫై కార్డులు వస్తాయట, పేరుతో వెతికితే దొరకదట. నల్ల స్క్రీన్ తెరిచి ‘ఎల్‌ఎస్‌పీసీఐ -ఎన్‌ఎన్’ అని ఓ కమాండ్ కొట్టాడు. బొలబొలా వచ్చిన లైన్లలో ఒకదాని మీద వేలు పెట్టి చదివాడు: బ్రాడ్‌కామ్ బీసీఎం43142, పక్కనే బ్రాకెట్‌లో 14ఈ4:4365. ముందుది తయారుచేసిన కంపెనీ నంబరు, తర్వాతది చిప్ నంబరు. మన ఇంటిపేరు, పేరు లాగన్నమాట. ఈ రెండూ తెలిస్తే డ్రైవర్ ఏదో పక్కాగా దొరుకుతుందట. కౌంటర్ మీదున్న ఓ వేస్టు శుభలేఖ వెనక ఆ నంబరు రాసిచ్చాడు. ఇప్పుడది మానిటర్ పక్కన అతికించి ఉంది.

డెబియన్ 12 నుంచి ఇన్‌స్టాలర్‌లోనే చాలా కార్డులకు కావలసిన ఫర్మ్‌వేర్ (కార్డు లోపల నడిచే చిన్న సాఫ్ట్‌వేర్) ఇస్తున్నారు. అందుకే ఎక్కువమందికి ఈ బాధ ఉండదు. మా చిప్‌కి ఫర్మ్‌వేర్ ఒక్కటి చాలదు, డ్రైవరే వేరే ఉంది. దాని సోర్స్ మొత్తం బయటపెట్టింది కాదు కాబట్టి డెబియన్ వాళ్లు ‘నాన్-ఫ్రీ’ అనే విడి విభాగంలో ఉంచారు. కావలసినవాళ్లు ఆ విభాగాన్ని కలుపుకుని తెచ్చుకోవాలి. ప్యాకేజీ పేరు బ్రాడ్‌కామ్-ఎస్‌టీఏ-డీకేఎంఎస్. ఈ పేరు పనిగట్టుకుని రాస్తున్నాను, ఇదే చిప్ ఉన్నవాళ్లకు పనికొస్తుంది.

తెచ్చుకోవడానికి నెట్ కావాలి, నెట్ రావడానికి డ్రైవర్ కావాలి. విండోస్‌లోకి వెళ్లి పెన్‌డ్రైవ్‌లో దింపుకుందామంటే, ఈ ప్యాకేజీ ఇంకో ప్యాకేజీ అడుగుతుంది, అది మరోటి అడుగుతుంది. తమ్ముడు నవ్వి నా ఛార్జింగ్ కేబుల్ అడిగాడు. ఫోన్‌ని లాప్‌టాప్‌కి గుచ్చి, సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేశాడు. అంతే, లాప్‌టాప్‌కి నెట్ వచ్చేసింది! ఫోన్ మా షాపు వైఫైలోనే ఉంది కాబట్టి డేటా కూడా ఖర్చు కాలేదు. కొత్తగా లైనక్స్ వేసుకునేవాళ్లకి ముందు చెప్పాల్సిన సంగతి ఇదేనని నాకనిపిస్తుంది. ఎందుకో ఎవరూ చెప్పరు.

డ్రైవర్‌తో పాటు కెర్నల్ (లైనక్స్‌కి గుండెకాయ లాంటి భాగం) హెడర్లు కూడా వేయించాడు. ఈ డ్రైవర్ మన మెషీన్ మీదే కెర్నల్‌కి తగ్గట్టు తయారవుతుందట, అందుకు ఆ హెడర్లు ఉండాలి. రేపు అప్‌డేట్‌లో కెర్నల్ మారినా డీకేఎంఎస్ అనే పనిముట్టు దాన్ని మళ్లీ తయారుచేసుకుంటుంది, మనం ముట్టుకోనక్కర్లేదన్నాడు.

అయినా వైఫై రాలేదు. ‘కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్’ అని ఓ ఎర్రర్. అంటే డ్రైవర్ మీదున్న సంతకాన్ని మెషీన్‌లోని సెక్యూర్ బూట్ అనే కాపలా ఒప్పుకోలేదన్నమాట. ఇక్కడే అక్కకి ఫోన్ వెళ్లింది. స్పీకర్ ఆన్‌లోనే ఉంది, కాబట్టి అంతా విన్నాను. ఆవిడ మొదటి మాటే ‘సెక్యూర్ బూట్ ఆఫ్ చేయకురా. వేరేవాళ్ల మెషీన్ అది’. బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) ఉన్న లాప్‌టాప్ అయితే, ఆ సెట్టింగ్ మార్చగానే విండోస్ 48 అంకెల రికవరీ కీ అడిగే అవకాశం ఉందట. ఆ కీ దగ్గర లేకపోతే ఫైళ్ల మీద ఆశ వదులుకోవడమే. పెళ్లిళ్ల సీజన్‌లో ఆ మాట వినగానే నాకు చెమట పట్టింది. మాదాంట్లో బిట్‌లాకర్ లేదని తర్వాత తేలిందనుకోండి. అయినా ముందు ఆ జాగ్రత్త చెప్పినందుకే ఆవిడకి ప్రత్యేకంగా దండం పెట్టాలి.

ఆఫ్ చేసే బదులు, డ్రైవర్ మీద సంతకం చేసిన కీని మెషీన్‌కి పరిచయం చేయమన్నారు. ‘మోక్‌యుటిల్’ అనే కమాండ్‌తో కీ ఇచ్చి, ఒక్కసారికి పనికొచ్చే పాస్‌వర్డ్ పెట్టి రీస్టార్ట్ చేస్తే నీలం స్క్రీన్ వస్తుంది. పది సెకన్లు లెక్కపెడుతుంది. ఆలోపు ఏదైనా మీట నొక్కాలి, లేకపోతే మామూలుగా బూట్ అయిపోతుంది, మళ్లీ మొదటికి. తమ్ముడు మీట మీద వేలు పెట్టుకుని రెడీగా కూర్చున్నాడు. ‘ఎన్‌రోల్ మోక్’ ఎంచుకుని, పాస్‌వర్డ్ కొట్టాడు. రీస్టార్ట్ అయ్యాక కుడివైపు పైన మా షాపు వైఫై పేరు, కింద పక్క హాస్టల్ వాళ్ల వైఫైలు వరసగా ప్రత్యక్షం. క్యూలో ఉన్న పిల్లలు చప్పట్లు కొట్టారు. వాళ్ల ప్రింట్లు ఆగిపోయి ఉన్నాయి పాపం.

వెళ్లబోతూ ఇంకో రెండు పనులు చేసిపెట్టాడు. విండోస్‌లోకి వెళ్తే గడియారం ఐదున్నర గంటలు వెనక్కి చూపిస్తోంది. లైనక్స్ మదర్‌బోర్డు గడియారంలో అంతర్జాతీయ టైము పెడుతుంది, విండోస్ దాన్నే మన టైము అనుకుంటుంది. ఒక్క కమాండ్‌తో సరిపోయింది. రెండోది, విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ తీసేశాడు. అది ఉంటే విండోస్ పూర్తిగా ఆగదు, డీ డ్రైవ్‌లో ఉన్న జాబుల్ని లైనక్స్ నుంచి సేవ్ చేసుకోవడం కుదరదు.

ప్రింటర్ కోసం మర్నాడు వచ్చాడు, నేను అడగకుండానే. మాది కానన్ ఎల్‌బీపీ 2900, జిరాక్స్ షాపులు నడిపేవాళ్లకి పరిచయం అక్కర్లేని ప్రింటర్. దానికి క్యాప్ట్ అనే సొంత డ్రైవర్ ఉండాలి. కానన్ సైట్‌లో లైనక్స్‌కి దొరికే ఫైల్ విప్పితే రెండు ప్యాకేజీలు వస్తాయి. ‘కామన్’ అన్నది ముందు, ‘క్యాప్ట్’ అన్నది తర్వాత వేయాలి. దాంతో అతనికి వైఫై కన్నా ఎక్కువ పనే పడింది, వివరాలన్నీ రాస్తే ఈ పోస్టు తెల్లారదు. మొత్తానికి లైనక్స్ నుంచి మొదట తీసిన పేజీ అతని థీసిస్‌లో డిక్లరేషన్. ‘ఇది నా స్వంత కృషి’ అని ఇంగ్లిష్‌లో ఉంటుంది కదా, అది.

బైండింగ్ డబ్బులు వద్దంటే వినలేదు. నేను క్యూఆర్ కోడ్‌కి చెయ్యి అడ్డం పెట్టేలోపే స్కాన్ చేసి కొట్టేశాడు, స్పీకర్ డబ్బా షాపంతా వినపడేలా అమౌంట్ అరిచింది. అక్కకేమైనా పంపుదామంటే ‘కార్డులు వేయించేటప్పుడు మీ దగ్గరికే వస్తామన్నా’ అన్నాడు. ఎవరి పెళ్లో చెప్పలేదు.

ఇదే చిప్‌తో ఇబ్బంది పడేవాళ్లు విద్యానగర్ వైపు వస్తే మొహమాటపడకండి, ఆ శుభలేఖ జిరాక్స్ ఊరికే ఇస్తాను. స్కానర్ ఇంకా లైనక్స్‌లో రావట్లేదు. తమ్ముడు వైవా కాగానే వచ్చి చూస్తానన్నాడు. తొందరేం లేదు తమ్మీ, నువ్వు ముందు వైవా చూసుకో. స్కాన్లు అప్పటిదాకా విండోస్‌లోనే లాగిస్తాను.