ఎగ్జిమా గజ్జి కాదు, తామర కాదు: ఒక తండ్రి విన్నపం

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

పిల్లల చర్మవ్యాధుల గురించి రాసేటప్పుడు, చర్మం పొడిబారి దద్దురులేచి దురదపెట్టే ఎగ్జిమాను ఒకచోట తామర అని, మరొకచోట గజ్జి అని పేర్కొనడం తెలుగులో చాలాకాలంగా చూస్తున్నాను. ఈ రెండు మాటలూ మా అమ్మాయి బాల్యంలో ఎంత కష్టం తెచ్చిపెట్టాయో దగ్గరుండి చూసినవాడిని కనుక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. తనకు మూడో నెలలో బుగ్గల మీద మొదలైన ఎగ్జిమా ఇప్పుడు 21 ఏళ్ళ వయసులో చేతివేళ్ళ మీద, కనురెప్పల మీద అప్పుడప్పుడు కనిపిస్తోంది. ఇన్నేళ్ళలో మేము నేర్చుకున్నదానిలో సగం మొదటి ఏడాదే ఎవరైనా చెప్పి ఉంటే ఆ పసిదానికి ఎన్నో రాత్రులు నిద్ర దక్కేది.

గజ్జి కంటికి ఆనని సూక్ష్మమైన పురుగు చర్మంలోకి దూరడం వల్ల వస్తుంది. తామర శిలీంధ్రం వల్ల వస్తుంది. రెండూ ఒకరి నుంచి మరొకరికి అంటుకుంటాయి. వైద్యులు అటోపిక్ డెర్మటైటిస్ అని పిలిచే ఎగ్జిమా ఎవరికీ, ఏ విధంగానూ అంటుకోదు. పేరు తప్పితే మందు కూడా తప్పుతుంది. తామర మీద, వాపును, దురదను అణచే స్టెరాయిడ్ పూత రాస్తే దురద కాస్త తగ్గినట్టు అనిపిస్తుంది గానీ మచ్చ చుట్టూ పాకుతూనే ఉంటుంది. ఎగ్జిమాకు తామర మందు రాస్తే ట్యూబులు అయిపోతాయి, దురద మిగులుతుంది. మా అమ్మాయి ఒకటో తరగతిలో ఉండగా పిల్లలందరూ చేతులు పట్టుకుని వలయంగా నిలబడే ఆటలో పక్కనున్న పిల్ల తన చేతికి బదులు చొక్కా చేతి అంచును రెండు వేళ్ళతో పట్టుకుంది. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, "నాన్నా, నాకున్నది గజ్జా?" అని అడిగింది. ఆ మాట మా ఇంట్లో ఎవరూ అనలేదు. బడిలో పెద్దవాళ్ళే అన్నారని తరువాత తెలిసింది. మరునాడు వెళ్ళి టీచరుగారికి విషయం వివరించి వచ్చాను. తరగతి మారిన ప్రతి ఏడాదీ మళ్ళీ వెళ్ళి అదే చెప్పవలసి వచ్చింది.

తల్లిదండ్రులను తొలిచే రెండో విషయం, ఇది మా తప్పు వల్ల వచ్చిందా అన్న ప్రశ్న. మా ఇంట్లో ఆ ప్రశ్న నా భార్యను ఏళ్ళ తరబడి వదలలేదు. గర్భంతో ఉన్నప్పుడు ఏమి తిన్నావు, బిడ్డకు ఏ సబ్బు వాడావు అని అడగని బంధువు లేరు. చర్మం పై పొరను దృఢంగా ఉంచే ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్ ఒకటుంది. దాన్ని తయారుచేసే జన్యువులోని లోపాలకూ ఎగ్జిమాకూ ఉన్న సంబంధాన్ని స్కాట్లండ్‌లోని డండీ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇతర దేశాల శాస్త్రవేత్తలతో కలిసి 2006లో బయటపెట్టారు. ఆ లోపం ఉన్నవారందరికీ ఎగ్జిమా రాదు, ఎగ్జిమా ఉన్నవారందరిలోనూ ఆ లోపం ఉండదు. అయినా చర్మపు గోడ బలహీనంగా ఉండి, లోపలి తేమ బయటికి పోతూ, బయటి చికాకులు లోపలికి వస్తూ ఉండడం ఈ జబ్బుకు ఒక ముఖ్య మూలమని వైద్యులు మాకు చెప్పినప్పుడు నా భార్య చాలాసేపు మాట్లాడలేదు. బ్రిటన్‌లో దాదాపు 1,400 మంది శిశువులతో జరిపి 2020లో ప్రచురించిన పరీక్షలో, పుట్టిన నాటి నుంచి ఏడాదిపాటు రోజూ మాయిశ్చరైజర్ రాసినా రెండేళ్ళ వయసుకు ఎగ్జిమా రావడం తగ్గలేదు. అంటే ముందు జాగ్రత్త పడని తల్లి ఎక్కడా నేరం చేయలేదు. వచ్చిన ఎగ్జిమాను అదుపులో ఉంచడానికి మాత్రం ఆ మాయిశ్చరైజరే పునాది.

ఆ పునాది ఎంత మందంగా ఉండాలో కూడా మాకు ఎవరూ చెప్పలేదు. చిన్న ట్యూబు తెచ్చుకుని నెలంతా పొదుపుగా రాశాము. ఎగ్జిమా ఉన్న పిల్లలకు వారానికి 250 నుంచి 500 గ్రాముల దాకా మాయిశ్చరైజర్ వాడవలసి రావచ్చని బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు చెబుతాయని తెలిసినప్పుడు, మేము పూసినది ఎందుకు చాలలేదో అర్థమైంది. గోరువెచ్చని నీటితో క్లుప్తంగా స్నానం, నురగ వచ్చే సబ్బుకు బదులు నురగ లేని క్లెన్సర్, ఒళ్ళు రుద్దకుండా మెత్తగా అద్ది తుడవడం, చర్మం ఇంకా కాస్త తడిగా ఉండగానే వెంట్రుకలు వాలిన దిశలో మాయిశ్చరైజర్ పూయడం మా ఇంటి దినచర్య అయింది. ఒక జాగ్రత్త ఇక్కడే చెప్పాలి: మాయిశ్చరైజర్లు, ముఖ్యంగా పారఫిన్ ఉన్నవి, ఇంకిన బట్టలు, దుప్పట్లు మంటకు సులభంగా అంటుకుంటాయి కనుక నిప్పు దగ్గరకు పోనివ్వకూడదు.

ఇక స్టెరాయిడ్ పూతల సంగతి. ఈ భాగం రాయడం నాకు సులభం కాదు. మందు పెట్టెలో మడిచి పెట్టిన కాగితం చదివి భయపడినవాడిని నేనే. వైద్యులు వారం రోజులు రాయమంటే రెండు రోజులు రాసి, ఎర్రదనం కొద్దిగా తగ్గగానే ఆపేసేవాడిని. రాసిన ఆ రెండు రోజులూ ఉందా లేదా అన్నంత పలుచగా రాసేవాడిని. మళ్ళీ వారానికి దద్దురు తిరగబెట్టేది, మళ్ళీ రెండు రోజులు. ఇలా రెండేళ్ళు గడిచాయి. ఆ రెండేళ్ళూ పాప నిద్రపోలేదు. అర్ధరాత్రి చీకట్లో గోళ్ళు చర్మాన్ని గీరే చప్పుడు, కాగితం మీద మరో కాగితం రుద్దినట్టుండే ఆ సన్నని చప్పుడు, నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. తెల్లవారితే దిండు గలీబు మీద చిన్న చిన్న రక్తపు చుక్కలు కనిపించేవి. ఒకసారి మోచేతి మడతల్లో రసి కారి తేనెరంగు పక్కులు కట్టి జ్వరం వచ్చింది. చర్మం మీద చేరిన స్టాఫిలోకోకస్ బాక్టీరియా వల్ల వచ్చిన ఇన్‌ఫెక్షన్ అన్నారు.

ఆ తరువాత కలిసిన చర్మవైద్యురాలు ట్యూబు మూత తీసి, నా చూపుడువేలి కొస నుంచి మొదటి గీత దాకా క్రీము పిండి, "ఇది సుమారు అర గ్రాము. పెద్దవాళ్ళ రెండు అరచేతులు, వేళ్ళతో సహా, ఎంత మేర ఉంటాయో అంత చర్మానికి ఇది సరిపోతుంది" అని చూపించారు. 1991 నుంచి వైద్యశాస్త్రంలో ఉన్న ఆ వేలికొస కొలత పాపకు జబ్బు మొదలైన అయిదేళ్ళకు గానీ నాకు అందలేదు. హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ పూత చర్మానికి పనిచేస్తుందని 1952లోనే తేలింది. ఏ బలం ఉన్నది ముఖానికి, ఏది ఒంటికి, ఎన్ని రోజులు అన్నది వైద్యులు నిర్ణయించి, మనం ఆ లెక్క తప్పకుండా రాస్తే పూత మందు చేసే మేలు చాలా ఎక్కువ. బలమైన క్రీమును చీటీ లేకుండా కొని నెలల తరబడి ముఖానికి రాసినప్పుడు చర్మం పలుచబడుతుందన్న మాటా నిజమే. ఈ రెండు మాటలనూ ఒకేచోట, ఒకే స్వరంతో చెప్పే వ్యాసాలు తెలుగులో ఇంకా రావాలి. తరచు తిరగబెట్టే చోట్ల దద్దురు తగ్గాక కూడా వారానికి రెండు రోజులు పూత కొనసాగించే పద్ధతి ఉందనీ, కనురెప్పల వంటి చోట్లకు టాక్రోలిమస్ వంటి స్టెరాయిడ్ కాని పూతలు ఉన్నాయనీ మేము చాలా ఆలస్యంగా తెలుసుకున్నాము.

చామనచాయ, నలుపు రంగు చర్మం మీద ఎగ్జిమా పుస్తకాల బొమ్మల్లోలాగా ఎర్రగా కనిపించకపోవచ్చు. ఊదాగానో, బూడిదరంగులోనో, చిన్న చిన్న గరుకు పొక్కులుగానో ఉంటుంది. తగ్గాక మిగిలే తెల్లని మచ్చలను చూసి క్రీమే రంగు తినేసిందని భయపడి ఆపేసేవారు చాలామంది. చాలావరకు ఆ మచ్చలు చర్మంలో రగిలిన వాపు మిగిల్చినవి, నెలల్లో మెల్లగా సర్దుకుంటాయి. ఒక గుర్తు మాత్రం ప్రతి ఇంట్లో తెలిసి ఉండాలి: ఒకే పరిమాణంలో గుంపుగా నీటిపొక్కులు లేచి, పగిలి గుండ్రని గుంటలుగా మారి, నొప్పి, జ్వరం ఉంటే అది హెర్పిస్ వైరస్ సోకడం కావచ్చు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఆహారం విషయంలో తొందరపాటు ఎక్కువ. ఎవరో చెప్పారని పాలు, గుడ్లు, పప్పులు ఒక్కొక్కటిగా మానిపిస్తే పిల్లల ఎదుగుదల దెబ్బతింటుంది. తీవ్రమైన ఎగ్జిమా గానీ గుడ్డు అలర్జీ గానీ ఉన్న 640 మంది శిశువులతో బ్రిటన్‌లో జరిపి 2015లో ప్రచురించిన పరీక్షలో, వేరుశనగను చిన్ననాడే అలవాటు చేసినవారిలో వేరుశనగ అలర్జీ చాలా తక్కువగా వచ్చింది. దూరం పెట్టడమే రక్షణ అన్న నమ్మకాన్ని అది తలకిందులు చేసింది. మానిపించడం, మొదలుపెట్టడం రెండూ వైద్యుల సలహాతోనే జరగాలి.

నేను ముఖ్యంగా చెప్పదలచినది పన్నెండేళ్ళ తరువాతి కాలం గురించి, ఎందుకంటే దాని గురించి ఎవరూ రాయరు. "పెద్దయితే అదే పోతుంది" అన్న మాట మాకు లెక్కలేనన్నిసార్లు వినిపించింది. చాలామంది పిల్లల్లో నిజంగానే తగ్గుతుంది, కొందరిలో ఉండిపోతుంది, కొందరిలో ఏళ్ళ తరువాత తిరిగి వస్తుంది. పదమూడో ఏట మా అమ్మాయి, "ఇక నేనే రాసుకుంటాను, మీరు నా గదిలోకి రాకండి" అంది. అది న్యాయమైన కోరిక. అయితే రెండు నెలలు రాసుకోలేదు. మేము అరిచాము, తను తలుపు వేసుకుంది, దద్దురు మెడ దాకా పాకింది. అప్పుడు అర్థమైన విషయం ఏమిటంటే, పన్నెండేళ్ళు తన చర్మాన్ని మేమే చూసుకున్నాము తప్ప, ఎందుకు రాస్తున్నామో, ఎంత రాయాలో తనకు ఏనాడూ నేర్పలేదు. ఆరేడేళ్ళ వయసు నుంచే మాయిశ్చరైజర్ తన చేతికి ఇచ్చి, పదేళ్ళకు వేలికొస కొలత నేర్పి, పద్నాలుగేళ్ళకు వైద్యురాలితో కొంతసేపు ఒంటరిగా మాట్లాడే అవకాశం ఇచ్చి ఉండవలసింది. పదిహేనో ఏట ఆ అవకాశం ఇచ్చినప్పుడు, మాకు ఎన్నడూ చెప్పని మాట వైద్యురాలికి చెప్పింది: దురద కంటే జనం చూపులే తనకు ఎక్కువ బాధగా ఉన్నాయని. ఆ తరువాత ఒక మనస్తత్వ నిపుణురాలి సాయం కూడా తీసుకున్నాము.

ఉద్యోగాల ఎంపికలోనూ ఈ చర్మానికి చోటు ఇవ్వాలి. రోజంతా చేతులు తడిసే పనులు, అంటే నర్సింగ్, వంట, కేశాలంకరణ వంటివి, చిన్ననాడు ఎగ్జిమా ఉన్నవారి చేతులను తేలికగా దెబ్బతీస్తాయి. ఆ పనులు చేయకూడదని కాదు, తగిన చేతొడుగులు, జాగ్రత్తలు ముందే తెలిసి వెళ్ళాలి. పూతలకు లొంగని ఎగ్జిమాకు 2017లో అమెరికాలో పెద్దలకు అనుమతి పొందిన డుపిలుమాబ్ ఇంజెక్షన్‌ను 2022 నాటికి ఆరు నెలల శిశువుల దాకా అనుమతించారు. మా అమ్మాయి చిన్ననాడు అటువంటిది ఊహకు కూడా అందలేదు.

కనుక మీ ఆరోగ్య పుట బాధ్యులకు నా విన్నపం రెండే. ఎగ్జిమాను ఎగ్జిమా అనే రాయండి, తామర, గజ్జి అన్న మాటలను ఆ జబ్బులకే వాడండి. ఎగ్జిమా గురించి రాసినప్పుడు పసిబిడ్డ తల్లిదండ్రులకు ఏమి తెలియాలో, బడి పిల్లల టీచరుకు ఏమి తెలియాలో, పదిహేనేళ్ళ పిల్లకు స్వయంగా ఏమి తెలియాలో విడివిడిగా రాయించండి.

ఈ ఉత్తరం పంపే ముందు మా అమ్మాయికి చదివి వినిపించాను. పేరు వేయవద్దంది. స్టెరాయిడ్ భయంతో గడిచిన ఆ రెండేళ్ళ గురించి "పాప బాధపడింది" అని మొదట రాశాను. "నిద్రపోలేదు" అని మార్చమంది. మార్చాను.

ఇట్లు,
ఒక తండ్రి